ప్రతాపరెడ్డి గారు చదివిన తీరు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పెద్దలలో ఒకరి జీవితం గురించి వ్రాసి ఇమ్మని సంపాదక మిత్రులు అడిగినప్పుడు నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు చెప్పాను. వారి గురించి అందరికీ తెలిసిందే కదా, కొత్తగా ఏం వ్రాస్తావని పక్కనున్న మిత్రుడు అన్నాడు. నిజమే. గోలకొండ పత్రిక, గోలకొండ కవుల సంచిక, ఆంధ్రుల సాంఘిక చరిత్ర అనే మూడు పేర్లు మన పిల్లలు కూడా పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టినవే. ఆ జాబితా మళ్లీ అప్పజెప్పే ఉద్దేశం నాకు లేదు.

వారి జీవితంలో నన్ను చాలాకాలంగా పట్టుకున్న సంగతి ఒకటుంది. కథ గానీ కావ్యం గానీ వ్రాసినవాడు ఒకటి అనుకుని వ్రాస్తాడు. చదివేవాడికి అందులో మరొకటి కనబడుతుంది. ఈ రెంటిలో దేనిని ఆ రచనకు అసలు అర్థం అనాలి? వ్రాసినవాడి మనసులో లేనిదాన్ని చదివేవాడు పైకి తీయవచ్చునా? ప్రతాపరెడ్డి గారు ఈ ప్రశ్న మీద సిద్ధాంత గ్రంథమేమీ వ్రాయలేదు. కానీ వారు చేసిన పెద్ద పనులన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయని నాకు తోస్తుంది. ఆ దృష్టితోనే ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

వారు 1896 మే 28న జన్మించారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డ సీమ అది. మనం ఉద్యోగం చేసిన రోజుల్లో మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లా. దగ్గరలోని అలంపురం శ్రీశైలానికి పశ్చిమద్వారమని ప్రసిద్ధి. అటు దాటితే కర్నూలు. ఇటు నిజాం రాజ్యం, అటు ఇంగ్లీషువారి రాజ్యం, మధ్య ఒక ఏరు. ఒకే మాటను రెండు గట్ల మీద రెండు రకాలుగా వినే చోట పెరిగిన మనిషి వారు. చదువు కొంత కర్నూలులో, కొంత హైదరాబాదులో, మద్రాసులో బి.ఏ., ఆ తర్వాత న్యాయశాస్త్రం. తెలుగు, సంస్కృతాలతో పాటు ఉర్దూ, ఫారసీ, ఇంగ్లీషు వచ్చు. వకీలు పని కొన్నాళ్లు చేశారు గానీ మనసు అక్కడ నిలవలేదు. హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యతలు తీసుకుని, అక్కడి గ్రంథాలయాన్ని పెంచి, ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు చదవడం అలవాటు చేశారు. అప్పటి నగర కొత్వాలు రాజబహద్దూర్ వేంకటరామారెడ్డి గారి అండ వారికి ఉండేది. పోలీసు పెద్ద అండతో మొదలైన మనిషి సర్కారుకు కంట్లో నలుసుగా మారడం ఆ కాలపు చిత్రాల్లో ఒకటి.

1926 మే 10న గోలకొండ పత్రిక మొదలైంది. అప్పటికి తెలంగాణలో తెలుగు పత్రికలు లేవని కాదు. 1922లోనే నల్లగొండ నుంచి నీలగిరి, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వెలువడ్డాయి. కానీ నిలదొక్కుకుని ఒక తరాన్నంతా పెంచి పెద్దచేసిన పత్రిక ఇది. కచేరీ భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ అయిన చోట తెలుగులో పత్రిక నడపడమే ఒక సాహసం. దానికి సంపాదకుడుగా ఉంటూ, చాలినంతమంది రచయితలు లేని రోజుల్లో తామే రకరకాల మారుపేర్లతో వ్రాసి పేజీలు నింపేవారు.

ఇక్కడే నేను చెప్పదలచిన విషయం మొదటిసారి తలెత్తుతుంది. పత్రిక వ్రాతలు సర్కారుకు రుచించలేదు. సంపాదకీయం అచ్చు వేయాలంటే ముందుగా సమాచార శాఖ వారికి చూపి అనుమతి పొందాలని ఆంక్ష పెట్టారు. మనలో ఫైళ్లతో బతికినవారికి ఆ ఆంక్ష రుచి బాగా తెలుసు. ప్రతాపరెడ్డి గారు వెళ్లి వాదించలేదు, ఆ స్థలాన్ని ఖాళీగానూ వదలలేదు. సంపాదకీయం ఉండవలసిన చోట ప్రపంచంలోని మేధావుల సూక్తులు ఏరి తెచ్చి అచ్చు వేశారు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ సూక్తులలో ఒక్క మాటయినా ప్రతాపరెడ్డి గారిది కాదు. వాటిని మొదట పలికినవారిలో ఎవరికీ గోలకొండ గానీ, ఏడవ నిజాం గానీ, మన జాగీర్లు గానీ, వెట్టి గానీ మనసులో లేవు. ఎక్కడో, ఎప్పుడో, ఏ రాజు గురించో, ఏ రాజూ లేకుండా ఊరికే మంచిచెడ్డల గురించో అన్న మాటలు అవి. అయినా పత్రిక చేతికి అందిన పాలమూరు పాఠకుడికి, దేవరకొండ పాఠకుడికి అవి ఎవరి గురించో చెప్పనక్కర లేదు. కత్తిరించవలసిన అధికారికీ అర్థమై ఉంటుంది. కానీ ఎవరిని పట్టుకుంటాడు? చెప్పినవాడు శతాబ్దాల కిందట చనిపోయాడు, అచ్చువేసినవాడు తన మాట ఒక్కటీ కలపలేదు. మాట ఒకరిది, అర్థం చదువరిది. దాన్ని ఆ స్థలంలో పెట్టడం మాత్రమే సంపాదకుడిది. రచయిత ఉద్దేశమే అర్థమయితే ఆ రోజు ఆ పేజీకి అర్థమే లేనట్టు లెక్క. పాఠకుడే అర్థాన్ని పూర్తి చేస్తాడన్న నమ్మకం లేకపోతే ఆ పని ఎవరూ తలపెట్టరు.

రెండో సంఘటన ఇంకా ప్రసిద్ధమైనది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరనే అర్థం వచ్చేలా ఒక పండితుడు వ్రాశాడు. ఆయన వెక్కిరించాలని వ్రాశాడో, తనకు తెలిసినంతలో ఉన్నమాట అనుకునే వ్రాశాడో మనకెందుకు, ఆ మనసును ఇప్పుడు తెరిచి చూడలేం. కానీ ఇక్కడ చదివినవారికి అది చెంపదెబ్బలా తగిలింది. ప్రతాపరెడ్డి గారు ఆ పండితుడి ఉద్దేశమేమిటని చర్చకు కూర్చోలేదు. మారుమూల గ్రామాలకు కబురు పెట్టారు. సంస్థానాల పండితులు మొదలుకొని పేరు ఊరు దాటని కవుల వరకు పద్యాలు పంపారు. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది, 354 మంది కవులతో. జవాబు అంటే అలా ఉండాలి. ఒక చిన్న వాక్యం, దాన్ని వ్రాసినవాడు కలలోనైనా ఊహించని పెద్ద గ్రంథానికి కారణమయింది. వాక్యం బలం వ్రాసినవాడి చేతిలో ఉండదని ఇంతకంటే నిదర్శనం కావాలా?

మధ్యలో ప్రజాజీవితం ఉండనే ఉంది. 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు వారే అధ్యక్షులు. మరుసటి సంవత్సరం రెండవ సభ మన దేవరకొండలో జరిగింది, బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన. గ్రంథాలయ ఉద్యమం, హిందువుల పండుగల మీద పుస్తకం, దానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ముందుమాట, నాటకాలు, రామాయణ విశేషాలు. ఒక్కో దాని గురించి ఒక్కో వ్యాసం వ్రాయవచ్చు. రామాయణ విశేషాల గురించి మాత్రం ఒక్క మాట. పారాయణం చేసే గ్రంథాన్ని పక్కన కాగితం కలం పెట్టుకుని చరిత్రకారుడిలా ప్రశ్నలు వేస్తూ చదివిన పుస్తకం అది. భక్తితో చదివేవారి రామాయణం వేరు, ఇది వేరు. రెండూ ఒకే శ్లోకాల నుంచి వచ్చినవే.

ఇక అసలు గ్రంథం దగ్గరికి వస్తాను. ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో అచ్చయింది. పోలీసు చర్య జరిగి ఏడాది. రాజులు మారిపోతున్న ఆ రోజుల్లో వారు వ్రాసినది రాజుల చరిత్ర కాదు. మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు, సంతలో ఏం కొన్నారు, పన్నులు ఎలా కట్టారు, దేనికి భయపడ్డారు అన్నది తూర్పు చాళుక్యుల కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదలు దాకా. దీనికి శాసనాలు చాలవు. శాసనం దానం చేసినవాడి గొప్ప చెబుతుంది, దానం పుచ్చుకున్నవాడి గోత్రం చెబుతుంది, మధ్యలో సామాన్యుడు ఉండడు. మరి ఎక్కడ వెదకాలి? వారు కథల్లో వెదికారు. కల్పిత కథల్లో!

క్రీడాభిరామం తీసుకోండి. మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లులో ఒక రోజంతా తిరుగుతారు. కోడిపందెం చూస్తారు, పొట్టేళ్ల పోరు చూస్తారు, వేశ్యవాటికకు వెళతారు, మాచల్దేవి ఇంటి చిత్రశాల చూస్తారు, పూటకూళ్ల ఇంట్లో భోజనం చేస్తారు. వ్రాసిన కవి ఉద్దేశం స్పష్టం. రసికులైన చదువరులకు ఒక సరదా సాయంత్రం. ఆ కవి ఎవరన్నదే తగువు మరి. వినుకొండ వల్లభరాయుడని పుస్తకం చెబుతుంది, కాదు శ్రీనాథుడేనని మరికొందరు పండితులు. వ్రాసినవాడెవడో తేలని చోట వ్రాసినవాడి ఉద్దేశమే ప్రమాణమంటే ఎవరి ఇంటి తలుపు తట్టాలి?

ప్రతాపరెడ్డి గారు ఆ తలుపు తట్టలేదు. పూటకూళ్ల ఇంట్లో ఒక రూకకు ఏమేమి వడ్డించారో చూశారు. ఆ కాలంలో ప్రయాణికుడికి డబ్బిస్తే భోజనం దొరికేదన్నమాట, ఫలానా బియ్యం మేలైనవన్నమాట, గోధుమపిండి వంట ఉండేదన్నమాట అని ఒక్కొక్కటే రాసుకున్నారు. కవి నవ్వుతూ చెప్పుకుపోయిన పద్యం వీరి చేతిలో హోటలు బిల్లు అయింది!

అలాగే శుకసప్తతి, హంసవింశతి. భర్త ఊళ్లో లేని ఇల్లాలు పరపురుషుడి కోసం గడప దాటబోతే చిలుకో హంసో రోజుకొక కథ చెప్పి ఆపడం వాటి ఎత్తుగడ. మనం కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు పెద్దలు వాటిని మనకు అందకుండా దాచేవారు. మనం వెదికి చదివింది ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పాలవేకరి కదిరీపతి, అయ్యలరాజు నారాయణామాత్యుడు కూడా అటువంటి పాఠకుణ్ణే మనసులో పెట్టుకుని ఉంటారు. ప్రతాపరెడ్డి గారు అవే పుస్తకాలు చదివి చేతివృత్తులవారి పనిముట్ల పేర్లు, రెడ్ల కరణాల ఇళ్ల తీరు, ఆడవారి నగలు, పిల్లల ఆటలు ఏరుకొచ్చారు. కథ నడవడానికి కవి అడ్డదిడ్డంగా పరిచిన చాప మీద వీరి కన్ను పడింది. కథను వదిలి చాపను చుట్టుకొచ్చారు.

పాల్కురికి సోమనాథుడిది శివభక్తి. శ్రీశైల యాత్రికులను వర్ణించడంలో ఆయన గురి మల్లికార్జునుడి మీద. వీరికి మాత్రం ఆ యాత్రికులు దారిపొడవునా పాడిన పదాల పేర్లు, తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, నివాళి పదాలు, ముఖ్యమయ్యాయి. ఆ దారుల్లో ఒకటి మన అచ్చంపేట ఉమామహేశ్వరం మీదుగా, మరొకటి వీరి సొంత అలంపురం మీదుగా సాగేవి కదా. ఆముక్తమాల్యదలో రాజకవి వానకాలాన్ని వర్ణిస్తూ తడిసిన కట్టెలు రాజక వంటింట్లో ఆడవారు పడే పాట్లు చెప్పాడు. చక్రవర్తి అనుకున్నది వర్షర్తు వర్ణన. మనకు మిగిలింది ఆనాటి పల్లెటూరి వంటిల్లు.

దీనికి అభ్యంతరం లేకపోలేదు. కావ్యాన్ని కావ్యంగా చదవకుండా దస్తావేజులా చదివితే రసం ఏమవుతుంది? కవి కల్పించాడు, కల్పన సాక్ష్యం ఎలా అవుతుంది? చిన్న అభ్యంతరం కాదిది. నా మటుకు నాకు దీనికి జవాబు పుస్తకాల్లో కాక ఉద్యోగంలో దొరికింది.

రెవెన్యూలో పనిచేసినవారికి మౌకా తనిఖీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పొలం గట్టు తగువు మీద వెళతాం. ఇరుపక్షాల సాక్షులూ ముందుగా నేర్చుకుని వచ్చిన మాటలే చెబుతారు. గట్టు ఇక్కడే, మా తాతల నాటి నుంచీ ఇక్కడే. ఆ మాటలన్నీ రాసుకుంటాం, కానీ నమ్మం. తరువాత చెట్టు కింద కూర్చుని మంచినీళ్లు తాగుతుంటే ముసలాయన ఏదో మాట మీద చెబుతాడు, చిన్నప్పుడు ఆ తుమ్మ చెట్టు దగ్గర మా ఎడ్లను ఆపేవాళ్లం, అటుపోతే వాళ్లు తిట్టేవారని. గట్టు ఎక్కడుండేదో అక్కడ తేలిపోతుంది. ఆయన గట్టు గురించి చెప్పాలనుకోలేదు. చెప్పాలనుకోలేదు గనుకనే అది నిజం. నా సర్వీసులో ఇటువంటి మాటలు తేల్చిన తగువులు కొన్ని ఉన్నాయి.

ప్రతాపరెడ్డి గారు చేసింది కూడా ఇదే. కవి పని గట్టుకుని చెప్పినదాన్ని, అంటే ఏడంతస్తుల మేడలు, ఆకాశాన్నంటే కోటలు, ప్రతి ప్రబంధంలోనూ ఒకే వరుసలో వచ్చే ఉద్యానవనాలు, వీటిని వారు సాక్ష్యంగా తీసుకోలేదు. అవి లక్షణ గ్రంథం చెప్పినందుకు వ్రాసినవి. కవి లెక్కలోకి రాకుండా జారిపోయినవాటిని తీసుకున్నారు. పూటకూళ్లమ్మ ఎంత పుచ్చుకుందో అబద్ధం చెప్పవలసిన అవసరం ఏ కవికుంటుంది? అంతటితో ఆగకుండా శాసనాలతో, విదేశీ యాత్రికుల వ్రాతలతో పోల్చి చూశారు. నిఘంటువులు తిరగేశారు. అందులో మాట దొరక్కపోతే, దొరికినా ఒక ఆట అనో ఒక తినుబండారమనో వదిలేసి ఉంటే, మన పల్లెల్లో ఆ మాట ఇంకా బతికి ఉందేమోనని చూశారు. ఎక్కడా దొరకనప్పుడు తెలియలేదని నిజాయితీగా అచ్చులోనే ఒప్పుకున్నారు. పెద్ద పండితుడు తెలియదని వ్రాయడం ఎంత కష్టమో ఆలోచించండి.

అంటే చదివేవాడికి నచ్చిన అర్థమల్లా తీసుకోవచ్చునని వారు అనలేదన్నమాట. చదువరికి హక్కు ఉంది, ఆ హక్కుకు పూచీ కూడా ఉంది. వారిలోని సంస్కర్త కూడా ఆ చదువులో కలిశాడన్నది నా అభిప్రాయం. కవి ఆనందంగా వర్ణించిన కోడిపందాన్ని వీరు కొంచెం ముఖం చిట్లించుకునే చదివి ఉంటారు. పాఠకుడు ఖాళీ చేతులతో రాడు, తన కాలాన్ని భుజాన వేసుకునే వస్తాడు.

వారు స్వయంగా కథలు కూడా వ్రాశారు. మొగలాయి కథలని పేరు. మొగలాయి అంటే మన ప్రాంతంలో అడిగేవాడు లేని పాలన, అస్తవ్యస్తపు వ్యవహారం. నిజాం కాలపు ఉద్యోగులు, వారి దర్జా, వారి తెలివితేటలు, లంచాలు, వాటి మధ్య నలిగిన జనం. నవ్విస్తూ వ్రాశారు. వీటి దగ్గరికి వచ్చేసరికి వారు గట్టుకు అవతలి వైపు చేరారు, ఇప్పుడు వ్రాసినవారు వారు, చదివేది మనం.

ఇక్కడ నా సొంత గోడు కొంచెం చెప్పుకుంటాను, సంపాదకులు క్షమించాలి. 1970లలో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఉద్యోగుల సావనీరులో రెండు పేజీల కథ వ్రాశాను. ప్రతి ఫైలునూ ఇంకా ఒక్క వివరం కావాలంటూ వెనక్కి పంపే అధికారి కథ. పదవీ విరమణ రోజున ఆయన సొంత పెన్షన్ కాగితాలు అదే కారణంతో వెనక్కి వస్తాయి. నవ్వుకోవడానికి వ్రాసినదే. నెల తిరక్కుండా మా పై అధికారి పిలిచి సావనీరు నా ముందు పెట్టి, సంజాయిషీ అడిగారు. ఆయన పేరు, ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. పాత్రలన్నీ కల్పితాలే, ఎవరినీ ఉద్దేశించి వ్రాయలేదని చేతులు వణుకుతూ వ్రాసి ఇచ్చాను. ఇంక్రిమెంటు పోతుందేమోనని మూడు నెలలు నిద్రలేదు. ఇంట్లో అప్పుడే పెద్దమ్మాయి పుట్టింది. చివరికి ఆయనకు బదిలీ అయి ఆ కాగితం ఎక్కడో మరుగున పడిపోయింది.

చాలా ఏళ్ల తర్వాత ఆ సావనీరు పాత ట్రంకు పెట్టెలో దొరికితే మళ్లీ చదివాను. కథలోని అధికారి మాట్లాడే ముందు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటాడు. మా అధికారి అచ్చం అలాగే చేసేవారు. వ్రాసేటప్పుడు ఆయన నా మనసులో లేరని నేను ఇప్పటికీ ప్రమాణం చేయగలను. అయినా కథలో ఉన్నది ఆయనే. ఆయన నాకంటే బాగా చదివారు. ఆ సంజాయిషీలో నేను అబద్ధం వ్రాయలేదు, నిజమూ వ్రాయలేదు. ఆయన బతికి ఉండగా ఈ మాట చెప్పలేకపోయాను.

అందుకే మొగలాయి కథలు తెరిచినప్పుడల్లా నాకు ఆ కథలు వెలువడిన రోజుల్లో చదివి ఉలిక్కిపడిన ఉద్యోగులు గుర్తుకొస్తారు. ప్రతాపరెడ్డి గారికి ఉద్దేశం ఉంది, దాచుకోలేదు. ఆ పాలన తీరు మారాలి. మారింది కూడా, 1948లో ఆ రాజ్యమే పోయింది. ఎవరిని పొడవడానికి వ్రాశారో వారు లేనప్పుడు ఆ కథలకు ఇక పని లేదనాలి. కానీ ఉంది. ఇప్పుడు మనం అందులో చూసేది ఆనాటి కచేరీలు ఎలా ఉండేవి, ఉర్దూ కలిసిన తెలుగు ఎలా వినిపించేది, ఊరివాడు హైదరాబాదు వస్తే ఏమి చూసి బెదిరేవాడు అన్నది. వారు హంసవింశతికి చేసిన పనే మనం వారి కథలకు చేస్తున్నాం. తెలిస్తే నొచ్చుకునేవారో నవ్వేవారో గానీ, కాదనడానికి మాత్రం వారికి మొహం చెల్లదు!

1952 ఎన్నికల్లో వారు వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. రాజకీయంలో వారికి దక్కవలసింది దక్కలేదని అనుకునేవారు ఉన్నారు. ఎక్కువ కాలం లేరు కూడా. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అప్పటికి వయసు 57. మనలో చాలామంది ఉద్యోగ విరమణ చేసిన వయసు.

వారు పోయిన రెండేళ్లకు, 1955లో, కేంద్ర సాహిత్య అకాడమీ తన అవార్డులు మొదలుపెట్టింది. తెలుగులో మొట్టమొదటి అవార్డు ఆంధ్రుల సాంఘిక చరిత్రకు వచ్చింది. కావ్యాలకు కాదు, నవలలకు కాదు, చరిత్ర గ్రంథానికి. వారు చరిత్ర వ్రాశాననుకున్నారు, చదివిన పెద్దలు దాన్ని సాహిత్యంగా చదివారు. సాహిత్యాన్ని చరిత్రగా చదివిన మనిషికి ఇటువంటి బాకీ తీర్పు వచ్చింది. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి వారి పేరు పెట్టారు.

మొన్న దసరా సెలవుల్లో మా మనుమరాలు ఇంటికి వచ్చింది. కంప్యూటరు చదువు. అలమరలో మొగలాయి కథలు కనబడితే తీసి, అరుగు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. కథ ఏం చెబుతోందో అర్థమయింది గానీ నవ్వు రావాల్సిన చోట దానికి రావడం లేదు. నిజాం కాలపు ఉద్యోగాల పేర్లు, కచేరీ మాటలు దానికి కొత్త. తాతా, ఇదేమిటి, తాతా, అదేమిటి అని అడుగుతుంటే నాకు తెలిసినంతలో చెప్పాను. ఎవరు ఎవరికి పై అధికారి, ఎవరు గుర్రం మీద వచ్చేవారు, ఎవరు వస్తే ఊళ్లో కోళ్లు మాయమయ్యేవని మా నాయన చెప్పేవాడో అన్నీ. నేను చెబుతుంటే అప్పుడు నవ్వింది, కథకు కాదు, కోళ్ల సంగతికి. ఒక నోటుపుస్తకం తెచ్చుకుని ఎడమవైపు మాట, కుడివైపు అర్థం వ్రాసుకుంటూ పోయింది. పదహారో పదిహేడో అయ్యాయి. ఒక మాట దగ్గర నేనూ ఆగిపోయాను. ఉర్దూ బాగా వచ్చిన మిత్రుడికి ఫోను చేస్తే ఆయనకూ తెలియలేదు. ఎదురుగా కుడివైపు ఖాళీగా ఉంచమంటావా అని అడిగింది. ఖాళీగా వద్దు, తెలియదని వ్రాయమన్నాను.